పిల్లలతో ట్రిప్పా? ముందు రోజు రాత్రే ఫోన్‌ని రెడీ చేయండి, మీరూ రెడీ అవ్వండి

మొన్న వేసవి సెలవుల్లో ఒక పెద్ద రైల్వే స్టేషన్‌లో మా మేనల్లుడు ఆరు నిమిషాల పాటు కనిపించకుండా పోయాడు. వాడికి నాలుగేళ్లు. ఆ టైమ్‌కి మా దగ్గర నాలుగు స్మార్ట్‌ఫోన్లు, ఒక ట్యాబ్, రెండు పవర్ బ్యాంకులు, ఒక స్మార్ట్ వాచ్, వాడి కోసమే కొన్న ఒక బ్లూటూత్ ట్రాకర్ ఉన్నాయి. ట్రాకర్ సూపర్‌గా పని చేస్తోంది కూడా. కాకపోతే అది వాడి బ్యాగ్‌లో ఉంది, ఆ బ్యాగ్ నా భుజానికి ఉంది.

వాడు దొరికాడు, భయపడకండి. ఎలా దొరికాడో చివర్లో చెప్తాను. ఆ ఆరు నిమిషాల వల్లే ఈ ఆర్టికల్ రాస్తున్నాను. పిల్లలతో ట్రిప్ అనగానే మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లు "ఏం కొనాలి" అని ఆలోచిస్తాం. నిజానికి కొనాల్సింది పెద్దగా లేదు. ఇంట్లో ఉన్న ఫోన్‌నే ముందు రోజు రాత్రి ఒక గంట కూర్చుని సెట్ చేసుకుంటే చాలు, ప్రయాణంలో సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా సగానికి ఏ సెట్టింగూ లేదు, అది మన చేతుల్లోనే ఉంది.

మా టీమ్: అమ్మ, అక్క, బావ, ఏడేళ్ల మేనకోడలు, నాలుగేళ్ల మేనల్లుడు, నేను. రూట్: హైదరాబాద్ నుంచి పగటి రైల్లో విశాఖపట్నం, అక్కడ బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం, మర్నాడు రైల్లో అరకు, తర్వాత రాత్రి రైల్లో వెనక్కి. "నువ్వు సాఫ్ట్‌వేర్ కదరా, ఆ ఫోన్ల సంగతేదో నువ్వే చూడు" అని అక్క డ్యూటీ నాకే వేసింది.

ముందుగా: ఏరోప్లేన్ మోడ్ టెస్ట్

చాలామంది పిల్లల కోసం వీడియోలు డౌన్‌లోడ్ చేశామనుకుంటారు. ట్రైన్ ఊరు దాటాక ఓపెన్ చేస్తే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పిల్లాడి ఏడుపు మొదలు. కారణాలు మూడు. ఒకటి, డౌన్‌లోడ్ సగంలో ఆగిపోవడం. రెండు, ఓటీటీ యాప్‌లలో డౌన్‌లోడ్‌లకి గడువు ఉండటం. మూడు, కొన్ని గేమ్‌లు ఆఫ్‌లైన్ అని పేరే కానీ యాడ్ లోడ్ అయితే తప్ప ముందుకు కదలకపోవడం.

అందుకే ఇంట్లో ఉండగానే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఇప్పుడు మీరు పిల్లలకి ఇవ్వాలనుకున్న ప్రతి వీడియో, పాట, గేమ్ ఒక్కసారి ఓపెన్ చేసి చూడండి. మా ఇంట్లో ఈ టెస్ట్ చేస్తే ఏడింట్లో మూడు ఫెయిల్. అప్పుడు ఇంట్లో వైఫై ఉంది కాబట్టి సరిపోయింది.

ఇదే టైమ్‌లో గూగుల్ మ్యాప్స్‌లో వెళ్లే ఊరి ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. టికెట్లు, హోటల్ బుకింగ్, పిల్లల ఆధార్ స్క్రీన్‌షాట్లు ఒక ఫోల్డర్‌లో వేసి, ఇంకొక ఫోన్‌లోకి కూడా పంపండి. ట్రైన్ ఎక్కడుందో చూడటానికి 'వేర్ ఈజ్ మై ట్రైన్' యాప్ ఉంటే మంచిది. మీరు రైల్లో ఉన్నప్పుడు అది ఇంటర్నెట్, జీపీఎస్ లేకపోయినా సెల్ టవర్ల సిగ్నల్‌ని బట్టి ఎక్కడున్నామో చెప్తుంది. "ఇంకా ఎంత దూరం మామయ్యా?" అని పది నిమిషాలకోసారి అడిగే మా మేనకోడలికి ఆ యాప్ చూపించి, స్టేషన్లు చదివే పని అప్పజెప్పాను. ప్రశ్న వేసే మనిషే జవాబు చెప్పే మనిషి అయిపోయింది.

రెండోది: ఫోన్‌కి తాళం, డబ్బులకి తాళం

పిల్లల చేతికి ఫోన్ ఇస్తే వాళ్లు వీడియోలోనే ఉండరు. రెండు నిమిషాల్లో మీ ఆఫీస్ గ్రూప్‌లోకి స్టిక్కర్ వెళ్లిపోతుంది. దీనికి ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ ఉంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ సెక్షన్‌లో దొరుకుతుంది. ఫోన్ కంపెనీని బట్టి పేరు కొంచెం మారవచ్చు, కాబట్టి సెట్టింగ్స్ సెర్చ్‌లో 'పిన్' అని వెతకండి. ఆన్ చేసేటప్పుడు బయటికి రావాలంటే పిన్ అడిగే ఆప్షన్ కూడా ఆన్ చేయండి. అది లేకపోతే పిల్లలు ఒక రోజులో ట్రిక్ కనిపెట్టేస్తారు.

ఐఫోన్‌లో దీన్ని గైడెడ్ యాక్సెస్ అంటారు. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆన్ చేయాలి. తర్వాత యాప్ ఓపెన్ చేసి సైడ్ బటన్‌ని మూడుసార్లు నొక్కితే ఫోన్ ఆ యాప్‌లోనే లాక్ అవుతుంది. ఇందులో ఇంకో రెండు మంచి ఆప్షన్లు ఉన్నాయి: టచ్ పూర్తిగా ఆపేయవచ్చు, టైమ్ లిమిట్ కూడా పెట్టవచ్చు.

ఇక డబ్బుల విషయం. యూపీఐకి పిన్ ఉంది కదా, పిల్లలేం చేస్తారులే అనుకుంటాం. కానీ మీ ఫోన్‌లో యూపీఐ లైట్ ఆన్‌లో ఉంటే చిన్న పేమెంట్లకి యూపీఐ పిన్ అడగదు. ఇప్పుడు ఒక్కో పేమెంట్‌కి 1,000 రూపాయలు, మొత్తం బ్యాలెన్స్ 5,000 రూపాయల వరకు పరిమితి ఉంది. అంటే లాక్ తీసిన ఫోన్ పిల్లల చేతిలో ఉంటే ఆ బ్యాలెన్స్‌కి యూపీఐ పిన్ కాపలా లేనట్టే. పేమెంట్ యాప్‌లకి విడిగా వేలిముద్ర లాక్ పెట్టండి. ప్లే స్టోర్‌లో కూడా ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా సెట్ చేయండి.

మూడోది: చెవులు

రైలు గోలలో వినపడట్లేదని పిల్లలు వాల్యూమ్ పెంచేస్తారు. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు వినడానికి 80 డెసిబెల్స్ వరకు ఫర్వాలేదని, పిల్లలకైతే అది 75 డెసిబెల్స్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. డెసిబెల్స్ మామూలు అంకెల్లా పెరగవు, ప్రతి 3 డెసిబెల్స్‌కి శబ్దం శక్తి రెట్టింపు అవుతుంది. 75కి, మార్కెట్‌లో కిడ్స్ హెడ్‌ఫోన్స్ డబ్బాల మీద రాసే 85కి మధ్య శక్తిలో తేడా పది రెట్లు. అంటే ఆ డబ్బా మీద 'సేఫ్' అని రాసినంత మాత్రాన గంటలు గంటలు వినొచ్చని కాదు.

ఐఫోన్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీలోకి వెళ్తే గరిష్ఠ డెసిబెల్స్ సెట్ చేయవచ్చు. శాంసంగ్ ఫోన్‌లలో మీడియా వాల్యూమ్ లిమిట్ ఉంటుంది. ఈ ఆప్షన్ లేని ఫోన్ అయితే మన టెస్ట్ ఒకటుంది: పిల్లలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉండగా చేతి దూరంలో కూర్చుని మామూలు గొంతుతో పిలవండి. పలకకపోతే వాల్యూమ్ ఎక్కువైనట్టే. హెడ్‌ఫోన్స్ లేకుండా స్పీకర్‌లో పెట్టడం మాత్రం వద్దు. పక్క బెర్తుల వాళ్లూ మనుషులే. పైగా రాత్రి 10 తర్వాత గట్టిగా పాటలు పెట్టకూడదని రైల్వే నిబంధన కూడా ఉంది.

నాలుగోది: చార్జింగ్ లెక్క

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌తో 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండుతుందని అనుకుంటే పొరపాటు. ఆ 10,000 అనేది లోపలి సెల్ కెపాసిటీ, సుమారు 3.7 వోల్ట్స్ దగ్గర. బయటికి ఇచ్చేది 5 వోల్ట్స్ లేదా అంతకంటే ఎక్కువ. ఈ మార్పిడిలో కొంత వేడి రూపంలో పోతుంది, ఫోన్‌లోకి ఎక్కేటప్పుడు ఇంకొంత పోతుంది. ప్రాక్టికల్‌గా ఒకటిన్నర సార్లు నిండితే సంతోషించాలి. డబ్బా వెనక 'రేటెడ్ కెపాసిటీ' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, అసలు నంబర్ అదే.

రాత్రి ప్రయాణంలో దీని అవసరం ఇంకా ఎక్కువ. ఫైర్ సేఫ్టీ కోసం చాలా రైళ్లలో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు చార్జింగ్ పాయింట్లు ఆపేస్తారు. తెల్లవారుజామున దిగేటప్పుడు క్యాబ్ బుక్ చేయడానికి ఫోన్ 4 శాతంలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా రూల్: రాత్రి 10:30కి అందరి ఫోన్లూ నిండుగా ఉండాలి, ఒక పవర్ బ్యాంక్‌ని ఉదయం దాకా ఎవరూ ముట్టుకోకూడదు.

రైల్లో ఆటలు: ఫోన్‌ని బొమ్మలా కాదు, పనిముట్టులా

ఇక అసలు ఫన్ పార్ట్. ఫోన్ లోపల ఎన్నో సెన్సర్లు ఉంటాయి. రివ్యూల్లో వాటి పేర్లు చదివి వదిలేస్తాం. పిల్లలతో ప్రయాణంలో వాటికి నిజమైన పని దొరుకుతుంది. దీనికి 'ఫైఫాక్స్' అనే ఉచిత యాప్ ఇన్‌స్టాల్ చేసుకోండి. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు. ఇంటర్నెట్ లేకుండానే ఫోన్ సెన్సర్లను లైవ్ గ్రాఫ్‌లుగా చూపిస్తుంది.

ఆట 1, సౌండ్ వేట. దీనికి మామూలు వాయిస్ రికార్డర్ చాలు. ఒక కాగితం మీద ఎనిమిది శబ్దాలు రాయండి: రైలు కూత, "చాయ్ చాయ్" అనే కేక, స్టేషన్ అనౌన్స్‌మెంట్, బ్రిడ్జి మీద చప్పుడు, తాతగారి గురక ఇలా. ఒక్కోటి దొరికినప్పుడు పది సెకన్లు రికార్డ్ చేసి టిక్ పెట్టాలి. రాజమండ్రి దగ్గర గోదావరి బ్రిడ్జి ఎక్కగానే చప్పుడు మారిపోతుంది, మా మేనకోడలు దాని కోసం పావుగంట ముందు నుంచే ఫోన్ పట్టుకుని రెడీగా నిలబడింది. పక్కన అమ్మ గోదారమ్మకి దణ్ణం పెట్టుకుంటూ ఏదో అంటే ఆ మాటలు కూడా రికార్డ్‌లో పడ్డాయి. ఇంటికొచ్చాక "ఇది ఏ సౌండ్?" అని వాళ్ల నాన్నని ఆడించడం ఈ ఆటలో రెండో భాగం. రికార్డ్ చేసేటప్పుడు ఎదుటివాళ్ల కబుర్లు రికార్డ్ చేయకూడదని మాత్రం ముందే చెప్పండి.

ఆట 2, సొరంగాల గ్రాఫ్. విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు ఉదయం 7 లోపే బయల్దేరి దాదాపు నాలుగు గంటలు నడుస్తుంది. తూర్పు కనుమలు ఎక్కుతూ పదుల సంఖ్యలో సొరంగాలు దాటుతుంది. ఫైఫాక్స్‌లో లైట్ సెన్సర్ ఆన్ చేసి, ఫోన్‌ని స్క్రీన్ పైకి ఉండేలా ఒళ్లో పెట్టుకోండి. సొరంగం వచ్చిన ప్రతిసారీ గ్రాఫ్ ధబేల్‌మని లోయలా పడిపోతుంది, బయటికి రాగానే లేస్తుంది. లోయ వెడల్పు ఎంత ఎక్కువ ఉంటే రైలు అంతసేపు చీకట్లో ఉన్నట్టు. మేనకోడలు నోట్‌బుక్‌లో గీతలు గీసి లెక్కపెట్టింది, నేను గ్రాఫ్ చూశాను. తన లెక్క 33, ఫోన్ లెక్క 37. "నీ ఫోనే తప్పు" అంది. చెక్ చేస్తే మధ్యలో ఇడ్లీ తిన్న పది నిమిషాలు తన నోట్‌బుక్‌లో ఖాళీ. చిన్నోడికి గ్రాఫ్ అర్థం కాదు కదా, వాడి పని సొరంగం రాగానే "చీకటీ!" అని అరవడం. ఆ పని వాడు కోచ్ మొత్తానికి చేసిపెట్టాడు.

ఐఫోన్ వాళ్లకి ఒక బ్యాడ్ న్యూస్: లైట్ సెన్సర్ ఉన్నా దాని రీడింగ్ యాప్‌లకి ఆపిల్ ఇవ్వదు. ఈ ఆటకి ఆండ్రాయిడ్ ఫోనే కావాలి, పాత ఫోన్ అయినా ఫర్వాలేదు. ఇంకో మాట, గ్రాఫ్ బాగా రావాలని ఫోన్‌ని కిటికీ బయట పెట్టకండి.

ఆట 3, కొండెక్కే గాలి. ఇది నా ఫేవరెట్. కొన్ని ఫోన్లలో బారోమీటర్ ఉంటుంది, అంటే గాలి పీడనం కొలిచే సెన్సర్. ఐఫోన్ 6 నుంచి మెయిన్ మోడల్స్‌లో ఉంది, ఆండ్రాయిడ్‌లో ఎక్కువగా ఖరీదైన ఫోన్లలో ఉంటుంది. ఫైఫాక్స్‌లో 'ప్రెషర్' ఎంచుకోవడానికి వీల్లేకుండా మసకగా కనిపిస్తే మీ ఫోన్‌లో అది లేదని అర్థం. సముద్రం దగ్గర పీడనం సుమారు 1,013 హెక్టోపాస్కల్స్. దాదాపు ప్రతి 8.5 మీటర్ల ఎత్తుకి ఒకటి చొప్పున తగ్గుతుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడికి చేరేసరికి రీడింగ్ 910 దగ్గరికి రావాలి. రైలు ఎక్కుతున్నకొద్దీ నంబర్ తగ్గడం పిల్లలు కళ్లారా చూస్తారు.

దీనికి జతగా విశాఖలోనే ఒక చిప్స్ ప్యాకెట్ కొని, తెరవకుండా దాచండి. కొండ పైకి వెళ్లేసరికి అది బెలూన్‌లా ఉబ్బుతుంది. ప్యాకెట్ లోపల గాలి కింద నింపిందే, బయట గాలి తోపుడు పది శాతం తగ్గింది, అంతే. "మన తల మీద ఉన్న గాలి బరువు తగ్గిందమ్మా" అంటే ఏడేళ్ల పాపకి అర్థమైంది. చిన్నోడికి మాత్రం ప్యాకెట్ ఎప్పుడు తెరుస్తారన్నదే సైన్సు. చెవులు మూసుకుపోయినట్టు అనిపించడానికి కారణం కూడా ఇదే. అప్పుడు కొంచెం కొంచెం నీళ్లు తాగించండి. చిన్నపిల్లలకి గట్టి చాక్లెట్ బిళ్లలు వద్దు, రైలు కుదుపులో గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది.

ట్రిప్ ఇప్పుడే లేదంటే అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ట్రై చేయండి. ఒక్క అంతస్తు ఎక్కినా బారోమీటర్ తేడా పట్టేస్తుంది. అదే జీపీఎస్ చూపించే ఎత్తు ఒక్కోసారి పదుల మీటర్లు తప్పుతుంది.

మరి వీడియోలు అసలు ఇవ్వొద్దా?

ఇవ్వండి. అయిదు లోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన గైడ్‌లైన్ ప్రకారం, ఏడాది వయసు వాళ్లకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట లోపు, తక్కువైతే ఇంకా మంచిది. ప్రయాణంలో ఆ గంట ఎప్పుడు వాడాలన్నదే తెలివి. రైలు ఎక్కగానే ఇస్తే తర్వాత ఎనిమిది గంటలు ఏం చేస్తారు? కిటికీలో కొత్తదనం, తినుబండారాలు, ఆటలు అన్నీ అయిపోయి, అందరికీ ఓపిక పోయాక ఇవ్వండి.

ఆపడం ఎలా? "ఇంకో అయిదు నిమిషాలే" అంటే నాలుగేళ్ల పిల్లాడికి అయిదు నిమిషాలంటే ఏంటో తెలీదు. డౌన్‌లోడ్ చేసిన రెండు కథలే ఉంటే అవి అయిపోతాయి, ఆటోప్లే ఉండదు, పక్కన సజెషన్లు ఉండవు. నెట్ లేకపోవడమే ఇక్కడ బెస్ట్ పేరెంటల్ కంట్రోల్. ఇంకో విషయం, ఘాట్ మలుపుల్లో తల దించి స్క్రీన్ చూస్తే వాంతులవుతాయి. అరకుకి కారులో వెళ్లేవాళ్లు ఇది రెండుసార్లు చదువుకోండి, సీటు వెనక ప్లాస్టిక్ కవర్లు పెట్టుకోండి.

బీచ్‌లో ఫోన్, సబ్‌మెరైన్‌లో ప్రశ్న

ఆర్కే బీచ్ పక్కనే ఐఎన్ఎస్ కుర్సురా ఉంది. 1969లో మన నేవీలో చేరి, 2001లో రిటైరైన సబ్‌మెరైన్. ఇప్పుడు ఒడ్డు మీద మ్యూజియంగా ఉంది. లోపల దారి చాలా ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి దూరాలి. చంటిపిల్లల్ని తోసే బండి వెళ్లదు, ఎత్తుకోవాల్సిందే. లోపలికి వెళ్లగానే నా ఫోన్‌లో సిగ్నల్ గీతలు తగ్గాయి. "మరి నీళ్ల కింద ఉంటే వీళ్లు ఫోన్ ఎలా మాట్లాడేవాళ్లు?" అంది మేనకోడలు. ట్రిప్ మొత్తంలో బెస్ట్ ప్రశ్న ఇదే.

ఉప్పునీళ్లలో మన సెల్ సిగ్నల్ ఏ మాత్రం దూరం పోదు. చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న రేడియో తరంగాలు మాత్రమే కొన్ని మీటర్ల లోతుకి చేరతాయి. వికారాబాద్ జిల్లా దామగుండంలో నేవీ కడుతున్న వీఎల్ఎఫ్ స్టేషన్ ఇలా సబ్‌మెరైన్లతో మాట్లాడటానికే. సముద్రమే లేని తెలంగాణలో నేవీకి పనేంటి అనుకున్నవాళ్లకి ఇదే జవాబు.

బీచ్ విషయానికొస్తే, మీ ఫోన్‌కి ఐపీ68 రేటింగ్ ఉన్నా అది మంచినీళ్లలో చేసిన టెస్ట్. సముద్రపు నీళ్లకి, ఇసుకకి ఆ హామీ వర్తించదు. ఉప్పునీళ్లు పడితే మంచినీళ్లతో తడిపిన బట్టతో తుడిచి, పూర్తిగా ఆరేదాకా చార్జింగ్ పెట్టకండి. ఇంతకంటే ముఖ్యమైనది: ఆర్కే బీచ్‌లో అలల లాగుడు ఎక్కువ, పాదాలు తడిస్తే చాలు. పిల్లలు నీళ్ల అంచున ఉన్నంతసేపు ఒక పెద్ద మనిషి దగ్గర ఫోన్ అసలు ఉండకూడదు. ఫోటోలు ఇంకొకరు తీయాలి. ఒకే మనిషి రెండు పనులూ చేయలేడు. రీల్ బాగా వచ్చిందా అని చూసుకునే పది సెకన్లు చాలు, ఒక అల రావడానికి.

ట్రాకర్లు ఏం చేస్తాయి, ఏం చేయవు

ఇప్పుడు స్టేషన్ కథకి వద్దాం. ఎయిర్‌ట్యాగ్ లాంటి బ్లూటూత్ ట్రాకర్లలో జీపీఎస్ ఉండదు. చుట్టుపక్కల ఎవరి ఫోన్ దాన్ని పసిగడితే ఆ ఫోన్ ఉన్న చోటు మనకి చూపిస్తుంది. సూట్‌కేస్ కోసమైతే ఇది సూపర్. కదిలే పిల్లాడి కోసం అయితే లొకేషన్ ఆలస్యంగా వస్తుంది. ఎయిర్‌ట్యాగ్ వస్తువుల కోసమే, మనుషుల కోసం కాదని ఆపిల్ కూడా చెప్పింది. సిమ్ ఉండే పిల్లల జీపీఎస్ వాచ్‌లు కొంత మెరుగు, కానీ పైకప్పు ఉన్న ప్లాట్‌ఫామ్ మీద అవి కూడా చాలా మీటర్ల తేడా చూపిస్తాయి.

ఇంకో పెద్ద ప్రమాదం: ఎయిర్‌ట్యాగ్‌లో, చాలా ట్రాకర్లలో నాణెంలాంటి బటన్ సెల్ ఉంటుంది. చిన్నపిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం లోపల కాలిపోవచ్చు. మూత వదులుగా ఉన్న ట్రాకర్‌ని పిల్లల చేతికి ఇవ్వొద్దు. మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఆ రోజు ఏం జరిగిందంటే, రాత్రి రైలు దిగాం, తెల్లవారుజాము. నేను క్యాబ్ బుక్ చేస్తున్నాను. బావకి ఆఫీస్ నుంచి మెసేజ్ వచ్చింది. అక్క లగేజీ లెక్కపెడుతోంది. అమ్మ మేనకోడలికి చెప్పులు తొడుగుతోంది. చిన్నోడు అక్క దగ్గర ఉన్నాడని నేననుకున్నాను, నా దగ్గర ఉన్నాడని అక్క అనుకుంది. తలెత్తి చూస్తే లేడు.

నాకు మొదట చేతికొచ్చిన పని ట్రాకర్ యాప్ ఓపెన్ చేయడం. 'మీ దగ్గరే ఉంది' అంది. ఆ మాట చదివి ఒక సెకను ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత భుజం మీద బ్యాగ్ గుర్తొచ్చింది. ఆ సెకను నేను ఎప్పటికీ మర్చిపోను.

పని చేసినవి రెండే. ముందు రోజు సాయంత్రం రైలు ఎక్కేముందు అక్క వాడిని నిలబెట్టి, తల నుంచి చెప్పుల దాకా కనిపించేలా ఒక ఫోటో తీసింది. ఎర్ర చారల చొక్కా, నీలం చెప్పులు. అది చూపిస్తే "ఏ రంగు చొక్కా" అని తడబడే పని లేకపోయింది. రెండోది, వాడి మణికట్టు మీద పెన్నుతో రాసిన అక్క నంబర్. జాతరల్లో, పుష్కరాల్లో పోలీసులు పిల్లల చేతికి ట్యాగ్ కట్టేది ఇందుకే. బావ మెట్ల వైపు పరిగెత్తాడు, నేను ఫోటో పట్టుకుని ఎదురొచ్చిన ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. ఇంతలో అక్క ఫోన్ మోగింది. రంగుల లైట్లు తిరిగే బరువు చూసే మెషిన్ ముందు నిలబడి ఉన్నాడట. ఒక కూలీ అన్న వాడి చెయ్యి చూసి ఫోన్ చేశాడు. ఆరు నిమిషాలు. కాల్ లాగ్‌లో తర్వాత చూసుకున్నాం.

మేం ఫోన్ చేయాల్సి వచ్చి ఉంటే: రైల్వేకి 139, పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఏ ఎమర్జెన్సీకైనా 112. ఈ మూడూ ఇప్పుడే సేవ్ చేసుకోండి.

మా కొత్త రూల్: డ్యూటీ చెప్పి మార్చుకోవడం

మన ఆఫీసుల్లో ఆన్‌కాల్ ఉంటుంది కదా. సర్వర్ పడిపోతే ఎవరు చూడాలో ఒక్క పేరే ఉంటుంది. "టీమ్ చూస్తుంది" అంటే ఎవరూ చూడరు. పిల్లల విషయంలో కూడా అంతే. నలుగురు పెద్దవాళ్లు ఉంటే సేఫ్ అనుకుంటాం, నిజానికి నలుగురు ఉన్నప్పుడే ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురి మీద వదిలేస్తారు.

ఇప్పుడు మా ఇంట్లో ఒకటే పద్ధతి. డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ జేబులో ఉంటుంది. ఫోన్ తీయాలంటే ముందు "అక్కా, చిన్నోడు ఇక నీ దగ్గర" అని నోటితో చెప్పాలి, అవతలి మనిషి "సరే, నేను చూస్తున్నా" అనాలి. ఆ 'సరే' రాకపోతే డ్యూటీ మారనట్టే. మొదట్లో బావ నవ్వాడు. ఇప్పుడు షాపింగ్ మాల్‌లో కూడా ఆయనే ముందు అడుగుతున్నాడు.

బయల్దేరే ముందు ఒక్కసారి చూసుకోండి

ముందు రోజు రాత్రి: ఏరోప్లేన్ మోడ్ టెస్ట్, యాప్ పిన్నింగ్, పేమెంట్ యాప్‌లకి లాక్, వాల్యూమ్ లిమిట్, ఆఫ్‌లైన్ మ్యాప్, టికెట్ల స్క్రీన్‌షాట్లు రెండు ఫోన్లలో, పవర్ బ్యాంకులు ఫుల్.

బయల్దేరే రోజు, బట్టలు మార్చిన ప్రతిసారీ: పిల్లల నిలువెత్తు ఫోటో, మణికట్టు మీద నంబర్, "తప్పిపోతే కదలకుండా అక్కడే నిలబడు, గట్టిగా అమ్మా అని పిలువు" అని ఇంకోసారి చెప్పించడం.

దారి పొడవునా: ఎవరి డ్యూటీయో ఒక్క పేరు.

రేపు కొత్త ఫోన్ రివ్యూ చదివేటప్పుడు బారోమీటర్ ఉందో లేదో కూడా చూస్తారనుకుంటున్నా. మా మేనకోడలైతే ఇప్పటికే అడుగుతోంది, ఈసారి శ్రీశైలం ఘాట్‌లో ఎన్ని హెక్టోపాస్కల్స్ తగ్గుతాయని. చిన్నోడు మాత్రం రెండు చిప్స్ ప్యాకెట్లు తీసుకెళ్దామంటున్నాడు.